ఏ థియరీ పట్టుకోవాలి: రియలిజమా, లిబరలిజమా, ఇంకోటా?

మా వీధి చివరింటి అమ్మాయి బరంపురంలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. రెండో ఏడాది చదువుతోంది. మొన్న ఆదివారం ఇంటికొచ్చి ఫోన్‌లో అంతర్జాతీయ సంబంధాల థియరీల లిస్టు ఒకటి చూపించింది, అంటే దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకలా ప్రవర్తిస్తాయో వివరించే సిద్ధాంతాలు. రియలిజం, నియోరియలిజం, లిబరలిజం, నియోలిబరలిజం, కన్‌స్ట్రక్టివిజం, మార్క్సిజం, ఇంగ్లిష్ స్కూల్, ఫెమినిజం, పోస్ట్‌కలోనియలిజం... ఇంకా కిందికి ఉంది. "అన్నయ్యా, డిసర్టేషన్‌కి ఇందులో ఒకటి ఎంచుకుని సోమవారం చెప్పమన్నారు. ఏటి పెట్టమంటావు?" అంది, బట్టల కొట్లో చీరలు కుప్ప పోసుకుని అడిగినట్టు. తనను అనడానికేం లేదు, నేనూ నా రోజుల్లో అలాగే ఎంచుకున్నాను, దాని ఫలితమూ అనుభవించాను. అది తర్వాత చెబుతాను. ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో ట్యూషన్లు చెప్పుకుని బతికే నాకు ఈ ప్రశ్న ఏటా ఇద్దరు ముగ్గురి నుంచైనా వస్తుంది, ఎం.ఏ. పిల్లలు, నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసేవాళ్ళు, సివిల్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు. ప్రతిసారీ గంటసేపు నోటితో చెప్పడం కంటే ఒకసారి రాసి పెట్టుకుంటే మేలనిపించింది.

"ఇందులో ఏది కరెక్ట్" అని మాత్రం అడగొద్దు. వందేళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు, తేలలేదు. "ఏది బాగా వివరిస్తుంది" అన్నా పని జరగదు, ఎందుకంటే చదివేటప్పుడు ప్రతిదీ బాగా వివరిస్తున్నట్టే ఉంటుంది. నేను చూడమనేది ఇంకోటి: ఆ థియరీ దేన్ని చూడకుండా వదిలేస్తోంది? ప్రతిదీ ఏదో ఒకటి కావాలనే వదిలేస్తుంది, వదిలేయబట్టే మిగిలినది స్పష్టంగా చూపించగలుగుతుంది. అది వదిలేసినదే నీ ప్రశ్నకు గుండెకాయ అయితే ఆ థియరీ ఎంత గొప్పదైనా నీకు పనికిరాదు.

ఈ సబ్జెక్టు అంతా అనార్కీ అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. పుస్తకాల్లో అరాచకం అని రాస్తారు, దాంతో పిల్లలు తలలు పగలగొట్టుకోవడం అనుకుంటారు. ఇక్కడ దాని అర్థం పైన పెద్దమనిషి లేకపోవడం, అంతే. మా వీధిలో ప్రహరీ గోడ జానెడు ముందుకు జరిగిందని ఇద్దరు తగువు పడితే వార్డు మెంబరున్నాడు, తహసీల్దారున్నాడు, మరీ ముదిరితే కోర్టుంది. భారత్, చైనా గోడ తగువు పడితే ఎవరి తలుపు తట్టాలి? ఐక్యరాజ్యసమితి ఉంది కదా అంటారు గానీ అక్కడ భద్రతా మండలిలో ఐదుగురికి వీటో ఉంది, ఆ ఐదుగురిలో ఒకడి మీదే ఫిర్యాదయితే తీర్పు ఎలా ఉంటుందో 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ తీర్మానాన్ని రష్యా వీటో చేసినప్పుడు చూశాం.

మన వైపు పిల్లలు ఇక్కడ వెంటనే కొటియా ఉదాహరణ రాసేస్తారు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ, అటు సాలూరుకీ మధ్య కొండల మీద 21 ఊళ్ళు, మావంటే మావని రెండు రాష్ట్రాలు. రెండు వైపుల కార్డులూ ఉన్న కుటుంబాలు, ఇటోసారి అటోసారి ఓటేసే జనం. చూడ్డానికి అనార్కీ లాగే ఉంటుంది. అయితే జాగ్రత్త. అక్కడ పైన పెద్దమనిషి ఉన్నాడు. ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెళ్ళింది, 2006లో కోర్టు సరిహద్దు తేల్చాల్సింది పార్లమెంటని చెప్పి ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సైన్యాన్ని పంపలేదు, కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. ఆ తేడాను ఒక్క వాక్యంలో రాయగలిగితే నీకు అనార్కీ అర్థమైనట్టే. రాయలేకపోతే ఆ ఉదాహరణ జోలికి పోకు.

ఇక రియలిజం. దీన్నే ముందు చదవమంటాను, మిగతావన్నీ దీనితో పోట్లాడుతూ పుట్టినవి కాబట్టి. పెద్దమనిషి లేడు, ఎవరి ఇల్లు వాళ్ళే కాచుకోవాలి, పక్కింటివాడి మనసులో ఏముందో తెలియదు గనక వాడి చేతిలో ఏముందో చూసుకోవాలి. క్రీస్తు పూర్వం 416లో మెలోస్ అనే చిన్న దీవి వాళ్ళు న్యాయం మాట్లాడితే ఏథెన్స్ వాళ్ళు, సమానుల మధ్యే న్యాయం, లేకపోతే బలమున్నవాడు చేయగలిగింది చేస్తాడు, లేనివాడు పడతాడు అన్నారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. తర్వాత మగవాళ్ళను చంపి ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. 1948లో మోర్గెంథా అనే పండితుడు ఇది మనిషి బుద్ధిలోనే ఉందన్నాడు. 1979లో వాల్ట్జ్ వచ్చి మనిషి బుద్ధి సంగతి పక్కన పెట్టండి, మంచివాళ్ళే పాలించినా పెద్దమనిషి లేని ఆ ఏర్పాటులో ఉంటే అలాగే ప్రవర్తిస్తారు అన్నాడు. దీన్నే నియోరియలిజం అంటారు. 2001లో మియర్‌షైమర్ ఇంకొంచెం ముందుకు పోయి, కాచుకోవడంతో సరిపెట్టుకోరు, వీలైనంత పెరగాలనే చూస్తారు అన్నాడు. వాల్ట్జ్‌ది డిఫెన్సివ్, ఇతనిది అఫెన్సివ్. ఈ తేడా తెలియకుండా రియలిజం అని ఒకే ముద్ద చేసి రాస్తే దిద్దేవాళ్ళు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

రియలిస్టు అంటే యుద్ధం కోరేవాడని చాలామంది అనుకుంటారు, ఇది వదిలించుకోవాల్సిన భ్రమ. మోర్గెంథా వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 2002 సెప్టెంబరులో ఇరాక్ యుద్ధం అమెరికాకు మేలు చేయదని 33 మంది పండితులు న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేశారు, అందులో వాల్ట్జ్, మియర్‌షైమర్ ఇద్దరూ ఉన్నారు. ప్రజాస్వామ్యం నాటొస్తాం అని బయల్దేరినవాళ్ళు వేరే బడివాళ్ళు, అంటే వేరే సిద్ధాంతం వాళ్ళు.

ఇది వదిలేసేది ఇంటి లోపలిని. నియోరియలిజానికి దేశాలు క్యారమ్స్ కాయిన్ల లాంటివి, లోపల ప్రజాస్వామ్యమా నియంతృత్వమా, ఎన్నికలున్నాయా, ముఖ్యమంత్రి అలిగాడా ఏదీ లెక్కలోకి రాదు. అందుకే 1989 నుంచి 1991 దాకా సోవియట్ యూనియన్ ఒక్క పెద్ద యుద్ధం లేకుండా తనకు తానే విడిపోతుంటే ఈ బడివాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. లెక్క ప్రకారం ఏ అగ్రరాజ్యమూ అలా చేతులారా వదులుకోకూడదు.

ఇక నా బాగోతం. నా ఎం.ఏ. డిసర్టేషన్ భారత్, బంగ్లాదేశ్ భూసరిహద్దు ఒప్పందం మీద. మనదేశం లోపల వాళ్ళ ముక్కలు 51, వాళ్ళ లోపల మన ముక్కలు 111, వాటిని చిట్‌మహల్ అంటారు. 1974లో ఇందిరా గాంధీ, ముజిబుర్ రెహమాన్ సంతకాలు చేశారు, మన పార్లమెంటు నూరో రాజ్యాంగ సవరణతో ఒప్పుకున్నది 2015లో, ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి ముక్కలు మారాయి. మన 111 ముక్కల విస్తీర్ణం సుమారు 17,160 ఎకరాలు, మనకొచ్చిన 51 ముక్కలది సుమారు 7,110. అంటే బలమైన దేశం పదివేల ఎకరాలు ఎక్కువ వదులుకుంది. బ్రహ్మాండమైన ప్రశ్న చేతిలో ఉంది కదా, నేనేం చేశానంటే ఒక చాప్టరు రియలిజం, ఒక చాప్టరు లిబరలిజం, ఒక చాప్టరు కన్‌స్ట్రక్టివిజం పెట్టి, చివర మూడూ కొంత కొంత నిజమే అని ముగించాను. చాలా తెలివైన పని చేశాననుకున్నా. వైవాకి (నోటి పరీక్షకి) బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు పేజీలు తిప్పి తిప్పి ఒక్క ప్రశ్న అడిగారు: "ఏం జరిగి ఉంటే నువ్వు చెప్పింది తప్పయ్యేది బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఏం జరిగినా మూడింట్లో ఏదో ఒకటి సరిపోతుంది, కాబట్టి నేనసలు ఏమీ చెప్పలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు, ఆయన మంచివారు గనక టీ తెప్పించి పాస్ చేశారు.

ఇప్పుడు రాయాల్సి వస్తే ఆ 10,000 ఎకరాలతోనే థియరీలను పరీక్ష పెడతాను. రియలిస్టు ఏమంటాడు? ఆ నేల ఎలాగూ చేతిలో లేదు, చుట్టూ పరాయి దేశం, దాన్నిచ్చి ఈశాన్యంలో తిరుగుబాటు దళాల మీద ఢాకా సహకారం కొనుక్కున్నాం, చైనా వైపు వాళ్ళు పూర్తిగా ఒరగకుండా చూసుకున్నాం. బాగుంది. అయితే మరి 41 ఏళ్ళు ఎందుకాగింది అంటే అతని దగ్గర జవాబు పలచబడుతుంది. లిబరల్, అంటే దేశాలు సహకరించుకోగలవు, లోపలి సంగతులూ లెక్కే అనేవాడు, ఇక్కడే లేస్తాడు: దేశమంటే ఒక ముద్ద కాదు, లోపల కోర్టులు, పార్టీలు, పశ్చిమ బెంగాల్, అస్సాం ఉన్నాయి, వాళ్ళందరూ ఒక గాటన పడేదాకా ఢిల్లీ కదల్లేదు. కన్‌స్ట్రక్టివిస్టు (ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయి అన్నది మనుషులు కట్టుకున్న భావమే అనేవాడు) ఇంకో ప్రశ్న వేస్తాడు, ఎకరా లెక్కలో ఎందుకూ పనికిరాని నేలను ఇవ్వడమంటే తల్లి ఒంట్లోంచి ముక్క కోసి ఇచ్చినట్టు జనానికి ఎందుకనిపించింది అని. నీకు "ఎందుకు ఇచ్చారు" కావాలంటే మొదటివాడు, "ఎందుకు ఆలస్యమైంది" కావాలంటే రెండోవాడు, "ఎందుకంత గొడవ చేశారు" కావాలంటే మూడోవాడు. ఒకే సంఘటన మీద మూడు ప్రశ్నలు ఇవి. నేను మూడింటినీ కలిపి కిచిడీ వండాను.

లిబరలిజం గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని వెటకారం చేయడం మన వాట్సాప్ రాజకీయాల్లో ఫ్యాషన్. జర్మన్ తత్వవేత్త కాంట్ 1795లోనే ప్రజల చేతిలో పాలన ఉంటే యుద్ధం తగ్గుతుందన్నాడు, చచ్చేదీ పన్ను కట్టేదీ వాళ్ళే గనక. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా అధ్యక్షుడు విల్సన్ నానాజాతి సమితి అన్నాడు, అది 1930ల్లో కుప్పకూలింది, 1939లో ఇ.హెచ్. కార్ ఈ ఆశావాదులను ఉతికి ఆరేశాడు. కథ అక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ, కానీ అసలు పనికొచ్చే సరుకు తర్వాతే వచ్చింది. 1943లో మిట్రానీ రాజ్యాంగాలూ ప్రపంచ ప్రభుత్వాలూ వద్దు, తపాలా, రైలు, నీళ్ళు లాంటి చిన్న పనులు కలిసి చేయనివ్వండి, అలవాటు పడతారు అన్నాడు. 1951లో ఫ్రాన్స్, జర్మనీ బొగ్గు, ఉక్కు ఒకే కమిటీ కింద పెట్టుకుని మొదలెట్టింది ఇప్పటి యూరోపియన్ యూనియన్ దాకా వచ్చింది. 1984లో కోహేన్ చెప్పింది ఇంకా పదునైనది: దేశాలు స్వార్థపరులే, పెద్దమనిషి లేడు, ఒప్పుకున్నాం, అయినా పదేపదే కలుసుకోవాల్సినవాళ్ళు, ఎవడు మాట తప్పాడో అందరికీ తెలిసే ఏర్పాటు ఉంటే, సహకరించుకుంటారు. మా వీధి చీటీపాట నడిచేది అలాగే. ఎవరూ మహాత్ములు కారు, ఒక్క నెల ఎగ్గొడితే వీధంతా తెలుస్తుంది, ఆ తర్వాత కూతురి పెళ్ళికి అప్పు పుట్టదు. ఎవరైనా ఊరు మారిపోతున్నారంటే మాత్రం చీటీ నడిపే ఆవిడకి ఆ వారమంతా నిద్ర పట్టదు.

సింధు జలాల ఒప్పందం దీనికి మంచి పరీక్ష. 1960 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిగా కరాచీలో సంతకాలయ్యాయి, రావి, బియాస్, సట్లెజ్ మనకు, సింధు, జీలం, చీనాబ్ వాళ్ళకు. 1965, 1971, 1999 మూడు యుద్ధాల్లోనూ ఎవరూ దాన్ని చింపలేదు. లిబరల్ దీన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాడు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని నిలిపివేసింది, ఇక రియలిస్టు "చెప్పానా" అన్నాడు. నన్నడిగితే ఇద్దరి గెలుపూ సగమే. 64 ఏళ్ళు ఎందుకు నిలిచింది అని రియలిస్టు చెప్పాలి, 65వ ఏట ఎందుకు ఆగింది అని లిబరల్ చెప్పాలి. లిబరలిజం వదిలేసేది భయాన్ని. అందరికీ లాభమే కదా అంటాడు, పక్కవాడికి నాకంటే ఎక్కువ లాభమొస్తే రేపు దాంతో ఏం చేస్తాడో అన్న గుబులు అతని లెక్కలో చాలా చిన్నది. ప్రజాస్వామ్యాలు ఒకదానితో ఒకటి యుద్ధం చేయవని 1983లో డోయల్ వాదించాడు. పరీక్షలో అది రాసేవాళ్ళు కార్గిల్ మర్చిపోకండి, 1999లో రెండు వైపులా ఎన్నికైన ప్రధానులే.

ఇప్పుడు మన సరిహద్దు పిల్లలు ఎగబడి ఎంచుకునేది, కన్‌స్ట్రక్టివిజం. ఎందుకో చెబుతాను. 2020 ఏప్రిల్‌లో కరోనా అని ఆంధ్ర వైపు పాతపట్నం వెళ్ళే దారి మూసేశారు. మా ఇంటి నుంచి ఆ దారి బండి మీద కాసేపు, మా బావగారిది అటు వైపు, పాలూ కూరగాయలూ పెళ్ళి సంబంధాలూ అన్నీ ఆ రోడ్డు మీదే నడుస్తాయి. రోడ్డుకి అడ్డంగా ఒక వెదురు బొంగు కట్టారు, దానికి ఎర్రగుడ్డ. మా అమ్మ బీపీ మాత్రలు ఇక్కడ దొరక్క, బావగారు అటు నుంచి తెచ్చి, బొంగు కింద నుంచి ప్లాస్టిక్ సంచీ జరిపారు, నేను కర్రతో లాక్కున్నాను. నిలబడ్డ కానిస్టేబులు అటు తిరిగి ఫోన్ చూసుకున్నాడు. నిన్నటిదాకా ఒకే రోడ్డు మనుషులం, ఒక్క బొంగుతో నేను "ఒడిశా నుంచొచ్చినవాణ్ణి" అయిపోయాను, మా అక్క వీధిలోనే "అటువైపు వాళ్ళను రానివ్వకండి" అన్నవాళ్ళున్నారు. ఆ మాట అన్నది తెలుగులోనే.

ఈ థియరీకి పెద్ద పేరైన వెండ్ట్ 1992లో చెప్పింది ఇదే దారిలో ఉంటుంది. పెద్దమనిషి లేకపోవడం ఎంత నిజమైనా, అందువల్ల అందరూ శత్రువులవ్వాలని ఎక్కడా రాసి లేదు. ఎవరిని ఎవరిగా చూస్తున్నాం అన్నదాన్ని బట్టి బొంగు బొంగవుతుంది లేదా సరిహద్దవుతుంది. అతని ఉదాహరణ అందరూ వాడేదే: బ్రిటన్ దగ్గర 500 అణుబాంబులున్నా అమెరికాకు బెంగ లేదు, ఉత్తర కొరియా దగ్గర ఐదుంటే నిద్ర పట్టదు. బాంబుల్ని లెక్కపెట్టే వాల్ట్జ్ దీనికి జవాబు చెప్పుకోవాలి.

మనకిది సులువుగా ఎక్కుతుంది, బతుకే అలాంటిది గనక. అదే ఇబ్బంది. "గుర్తింపు అనేది నిర్మితం" అని రాసేసి ఇరవై పేజీలు నింపేస్తారు, ఎవరు నిర్మించారు, ఎప్పుడు, ఏ కాగితం మీద, ఏ ప్రసంగంలో అన్నది ఒక్కటీ ఉండదు. కన్‌స్ట్రక్టివిజం ఎంచుకున్నావంటే పాత పేపర్లు, పార్లమెంటు చర్చలు, బడిపుస్తకాలు నెలల తరబడి చదవాలి, లేకపోతే అది కవిత్వం. ఇంకోటి, మాటలు, భావాలు ఎలా మారతాయో ఇది చక్కగా చెబుతుంది గానీ, ఎవరి మాటే ఎందుకు చెల్లుతుందో, బొంగు కట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. ఆరు నెలల్లో డిసర్టేషన్ ఇవ్వాలి, లైబ్రరీకి వెళ్ళే ఓపిక లేదు అంటే దీని జోలికి రాకు.

డబ్బు ఎటు పోతోంది అన్నది నీ ప్రశ్న అయితే పైవేవీ కాదు, మార్క్సిస్టులూ, డిపెండెన్సీ వాళ్ళూ (పేద దేశాలను ధనిక దేశాల మీద ఆధారపడేలా ఉంచారనేవాళ్ళు), వాలర్‌స్టీన్ వరల్డ్ సిస్టమూ. కొరాపుట్ వైపు వెళ్ళినవాళ్ళు దీన్ని పుస్తకం లేకుండానే చూస్తారు. పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వుతారు, దమన్‌జోడిలో దాన్ని తెల్ల పొడిగా, అల్యూమినాగా మారుస్తారు, కొంత అంగుల్ స్మెల్టర్‌కి, కొంత విశాఖ రేవు నుంచి ఓడెక్కి బయటికి పోతుంది. అల్యూమినియం ధరకు లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ వైపు చూస్తారు. కొత్తవలస, కిరండూల్ రైలు మార్గాన్ని 1960ల్లో వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి, అరకు టూరిస్టులు అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకోవడం చాలా తర్వాతి ముచ్చట. కొండ ఒకచోట, కొలిమి ఒకచోట, ధర ఇంకోచోట. 1974లో వాలర్‌స్టీన్ దీన్నే కేంద్రం, అంచు, నడుమ అంచు అని విడగొట్టాడు. అంతకుముందే అర్జెంటీనా ఆర్థికవేత్త ప్రెబిష్ ముడిసరుకు అమ్మేవాడు కాలం గడిచేకొద్దీ అంతే సరుకుకు తక్కువ యంత్రాలు కొనగలుగుతాడని లెక్కలతో చూపించాడు.

దీని బలహీనత కూడా ఇక్కడే కొండల్లో ఉంది. అంచున ఉన్నవాడికి నోరు లేదన్నట్టు రాస్తుంది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి మీద 12 గ్రామసభలు కూర్చుని, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి, తవ్వకం ఆగింది. దానికి ముందే 2007లో నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ ఆ తవ్వకం తలపెట్టిన కంపెనీలో వాటాలు వదులుకుంది. కొండమీది ఊరి నుంచి ఓస్లో దాకా ఒక దారం ఎలా పడింది అన్నది వాలర్‌స్టీన్ కంటే లిబరల్ బాగా చెబుతాడు, ఒప్పుకోవాల్సిందే. దక్షిణ కొరియా అంచు నుంచి ఎలా ఎగబాకింది అన్నదీ ఈ బడికి ఎప్పటినుంచో ముల్లే.

ఇంగ్లిష్ స్కూల్‌ను మన వైపు ఎవరూ ఎంచుకోరు, నాకు మాత్రం ఇష్టం. హెడ్లీ బుల్ 1977లో పెద్దమనిషి లేకపోయినా మర్యాదలున్నాయి అన్నాడు. తగువులో ఉన్న దాయాదులు కూడా పెళ్ళి కార్డు పంపడం మానరు, వెళ్ళరు, పంపడం మాత్రం మానరు. భారత్, పాకిస్తాన్ 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నాయి, వాటి మీద దాడి చేయకూడదన్న ఒప్పందం కింద. కార్గిల్ వచ్చినా, 2008 ముంబై దాడులు జరిగినా ఆ కాగితం వెళ్ళింది. దీన్ని రియలిస్టు కొట్టిపారేస్తాడు, లిబరల్ దీన్లో లాభం వెతుకుతాడు, బుల్ ఒక్కడే దీన్ని ఉన్నదున్నట్టు చూస్తాడు. చరిత్ర బాగా చదివే అలవాటున్నవాళ్ళు దీన్ని తీసుకోండి.

ఫెమినిజాన్ని "ఆడపిల్లవి కాబట్టి అది తీసుకో" అని కొందరు గైడ్లు అంటగడతారు, అది విని ఊరుకోకండి. ఎన్‌లో, టిక్‌నర్ అనే ఈ థియరీ పండితులు అడిగేది మగపిల్లలూ అడగాల్సిన ప్రశ్నే: దేశం, భద్రత అంటున్నారే, ఎవరి భద్రత? కొటియాలో రెండు రాష్ట్రాలూ బోర్డులు నాటుకుంటున్నప్పుడు, రాత్రి నొప్పులొచ్చిన మనిషికి 108 నొక్కితే ఏ వైపు బండి వస్తుంది అన్నది భద్రత కాదా? రియలిజం పెద్ద మ్యాపులో ఈ ప్రశ్న కనపడదు.

పోస్ట్‌కలోనియలిజం (వలస పాలన మిగిల్చినదాన్ని ప్రశ్నించేది) తీసుకుంటే అసలు ఈ గీతలు ఎవరు గీశారు అన్న దగ్గర మొదలెట్టాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది, ఊరు ఇటు వచ్చింది, కొంత మద్రాసులో ఉండిపోయింది. దశాబ్దాలు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు, అయినా నా దగ్గరికొచ్చే పిల్లలు ఆఫ్రికా మ్యాపే గీస్తారు, గైడు పుస్తకంలో అదే ఉంది కాబట్టి.

కౌటిల్యుడి సంగతి. అర్థశాస్త్రం మండల సిద్ధాంతం, పక్కవాడు శత్రువు, పక్కవాడి పక్కవాడు మిత్రుడు. ప్రతివాడూ మొదటి పేరాలో తాంబూలంలా పెట్టి, తర్వాత మళ్ళీ ముట్టుకోడు. పెడితే చివరిదాకా వాడు, లేకపోతే తీసెయ్. పైగా ఆయన్ని ఇండియన్ మోర్గెంథా అనడం రెండు వైపులా అన్యాయం, ఆయన పుస్తకంలో సగం పన్నులూ, గోదాములూ, జీతాలూ.

పరీక్షల లెక్కలో అయితే చిన్నగా చెబుతాను. నెట్ రాసేవాళ్ళు పేర్లు, సంవత్సరాలు, ఎవరికి ఎవరు జవాబు అన్నది బట్టీ పట్టండి, ప్రేమలు తర్వాత. సివిల్స్ ఆప్షనల్ సిలబస్‌లో రాసి ఉన్నవి ఐడియలిస్ట్, రియలిస్ట్, మార్క్సిస్ట్, ఫంక్షనలిస్ట్, సిస్టమ్స్ థియరీ. కన్‌స్ట్రక్టివిజం పేరు ఆ వరుసలో లేదు, జవాబుల్లో వాడుకోవచ్చు, మొదట పునాది మాత్రం ఆ ఐదు. మిట్రానీని పిల్లలు వదిలేస్తారు, ఫంక్షనలిస్ట్ అంటే ఆయనే. వార్తలు అర్థం కావాలి, అంతే చాలు అనేవాళ్ళకు వాల్ట్జ్, కోహేన్ ఇద్దరూ సరిపోతారు, ఒకరిని చదివిన వారమే రెండోవారినీ చదవాలి.

మళ్ళీ మా వీధి అమ్మాయి దగ్గరికొస్తే, తన టాపిక్ సింధు ఒప్పందం. "నీకు తెలుసుకోవాలనుంది ఏమిటి, ఎందుకు ఆగింది అనా, ఇన్నాళ్ళు ఎందుకు ఆగలేదు అనా" అని అడిగాను. కాసేపు ఆలోచించి, రెండోదే అంది, మొదటిది టీవీలో రోజూ చెబుతున్నారు కదా అని. అయితే కోహేన్‌ను పెట్టుకోమన్నాను, ఎదురుగా వాల్ట్జ్‌ను కూర్చోబెట్టమన్నాను. ఆ మూడు యుద్ధాల సమయంలో సింధు కమిషన్ (ఆ ఒప్పందం అమలు చూసే రెండు దేశాల కమిటీ) మీటింగులు, కాగితాలు ఏ మేరకు నడిచాయో వెతికి, పూర్తిగా ఆగిపోయి ఉంటే నేను తప్పు అని మొదటి పేజీలోనే రాసుకోమన్నాను. రాసుకుంది, ఒడియా నోట్‌బుక్‌లో తెలుగులో. లేచి చెప్పులేసుకుంటూ, "మరి కౌటిల్యుడు అన్నయ్యా? మా మేడమ్‌కి ఇష్టం" అంది. ఆ మేడమ్ ఎవరో నాకు తెలుసు. రెండు పేజీలు పెట్టెయ్ అన్నాను.